బెల్టు జారుతోందో లేదో షాఫ్టే చెబుతుంది: ఇండక్టివ్ సెన్సార్‌తో వేగం కొలిచే సమగ్ర మార్గదర్శి

రైస్ మిల్లులో ధాన్యాన్ని కింది గుంత నుంచి పైనున్న యంత్రాలకు చేరవేసేది బకెట్ ఎలివేటర్. నిలువుగా నిలబెట్టిన ఇనుప పెట్టెలో పొడవాటి బెల్టు, దానికి వరసగా బిగించిన బకెట్లు, పైన మోటారుతో తిరిగే పుల్లీ, అడుగున బెల్టు లాగితే తిరిగే పుల్లీ ఉంటాయి. బయటి నుంచి చూసేవారికి బెల్టు కనపడదు. అడుగున ధాన్యం కూరుకుపోయి బకెట్లు ఇరుక్కున్నా, బెల్టు వదులై జారినా, పైన మోటారు మాత్రం తన పాటికి తాను తిరుగుతూనే ఉంటుంది. పై పుల్లీ బెల్టును ఒకే చోట రాపాడుతూ పోతే రబ్బరు వేడెక్కుతుంది. చుట్టూ ఊక, తవుడు దుమ్ము ఉన్నచోట ఆ వేడి ఎక్కడికి దారితీస్తుందో మిల్లులో పనిచేసేవారికి చెప్పనక్కర లేదు.

మోటారు తీసుకునే కరెంటును చూసి దీన్ని పసిగట్టవచ్చు కదా అని చాలామంది అడుగుతారు. అది నమ్మదగిన దారి కాదు. బెల్టు జారినప్పుడు మోటారు మీద పడే బరువు ఓవర్‌లోడ్ రిలే (కరెంటు మితిమీరితే మోటారును ఆపే స్విచ్చు) తెగేంతగా పెరగకపోవచ్చు. కొన్నిసార్లు తగ్గనూ వచ్చు. అసలు సాక్షి అడుగు పుల్లీ షాఫ్టు. బెల్టు కదిలితేనే అది తిరుగుతుంది, బెల్టు ఎంత వేగంగా కదిలితే అంత వేగంగానే తిరుగుతుంది. ఆ షాఫ్టు వేగాన్ని ఇండక్టివ్ సెన్సార్‌తో కొలవడం, పై షాఫ్టు వేగంతో పోల్చి బెల్టు జారుడును లెక్కగట్టడం, హద్దు దాటితే యంత్రాన్ని ఆపడం ఎలాగో ఇక్కడ అడుగడుగునా వివరిస్తాను. కన్వేయర్, ఫ్యాను, పంపు, లేతు యంత్రం దేనికైనా ఇదే పద్ధతి. కొలతలు మాత్రం మారతాయి.

ముందుగా ఒక మాట. ఈ పనిలో కొలత బాగా రావడం సెన్సార్ ధర మీద గానీ, ప్రోగ్రామ్ మీద గానీ పెద్దగా ఆధారపడదు. సెన్సార్ ముందు తిరిగే ఇనుము, ఆ రెండింటి మధ్య గ్యాపు, సెన్సార్‌ను పట్టుకున్న బ్రాకెట్ సరిగ్గా ఉంటే అన్నీ సరిపోతాయి. అందుకే ఈ వ్యాసంలో ఎక్కువ చోటు వాటికే ఇచ్చాను.

సెన్సార్ లోపల జరిగేది

మెకానిక్కులు ప్రాక్సిమిటీ సెన్సార్ అని పిలిచే ఈ పరికరం ముఖంలో, ప్లాస్టిక్ మూత వెనుక, ఫెర్రైట్ ముక్క మీద చుట్టిన తీగచుట్ట ఉంటుంది. ఒక ఆసిలేటర్ సర్క్యూట్ ఆ చుట్టను సెకనుకు లక్షలసార్లు డోలనం చేయిస్తుంది. ముఖం ముందు మారుతూ ఉండే అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుంది. ఆ క్షేత్రంలోకి లోహం వస్తే దాని ఉపరితలంలో ఎడ్డీ కరెంట్లు పుడతాయి. మారే అయస్కాంత క్షేత్రం విద్యుత్తును పుట్టిస్తుందని 1831లో ఫారడే చూపించాడు. లోహపు పలకల్లో సుడులు తిరిగే ఈ ప్రవాహాలను 1855లో ఫ్రెంచి శాస్త్రవేత్త ఫూకో వెలుగులోకి తెచ్చాడు. ఆ ప్రవాహాలకు కావలసిన శక్తి ఆసిలేటర్ నుంచే పోతుంది కాబట్టి డోలనం నీరసిస్తుంది. ఒక స్థాయి కంటే పడిపోగానే లోపలి ట్రిగ్గర్ సర్క్యూట్ అవుట్‌పుట్‌ను మార్చేస్తుంది. లోహం తప్పుకుంటే డోలనం మళ్లీ పుంజుకుని అవుట్‌పుట్ మొదటి స్థితికి వస్తుంది.

ఈ స్విచ్చును తొలిసారి 1958లో జర్మనీలోని మన్‌హైమ్ నగరానికి చెందిన పెప్పర్ల్ ప్లస్ ఫుక్స్ సంస్థ, బీఏఎస్ఎఫ్ రసాయన కర్మాగారం అవసరం కోసం తయారు చేసింది. తాకిడితో పనిచేసే స్విచ్చులు అరిగిపోవడం, తుప్పు పట్టడం అక్కడి బాధ. రైస్ మిల్లులో బాధ దుమ్ము. కాంతితో పనిచేసే సెన్సార్ కన్ను ఒక్క షిఫ్టులోనే తవుడుతో మూసుకుపోతుంది. షాఫ్టుకు అయస్కాంతం అంటించి, దాన్ని గుర్తించే హాల్ సెన్సార్ పెడితే ధాన్యంతో వచ్చిన మేకులు, తీగ ముక్కలు ఆ అయస్కాంతానికి పట్టుకుంటాయి. ఇండక్టివ్ సెన్సార్‌కు తవుడు, నూనె, తేమ ఏవీ కనపడవు. లోహం ఒక్కటే కనపడుతుంది. పైగా అది ఇనుమును ఆకర్షించదు.

ఇది చెప్పేది ‘ఉంది’, ‘లేదు’ అన్న రెండు మాటలే. కదలిక కొలత ఆ రెండు మాటల మధ్య గడిచిన కాలం నుంచి వస్తుంది.

ఏ సెన్సార్ కొనాలి

సెన్సార్ల కొలతలు, పరీక్షా విధానాలు ఐఈసీ 60947-5-2 అనే అంతర్జాతీయ ప్రమాణంలో ఉన్నాయి. మీకు కావలసిన వివరాలు నాలుగు: మర సైజు, ముఖం లోహంతో సమంగా బిగించేదా లేక బయటికి పొడుచుకొచ్చేదా, అవుట్‌పుట్ రకం, స్విచ్చింగ్ ఫ్రీక్వెన్సీ (సెకనుకు ఎన్నిసార్లు మారగలదో ఆ సంఖ్య).

మామూలు సెన్సార్లలో ఎం12 మర (12 మి.మీ. వ్యాసం) ఉన్నది సమంగా బిగించే రకమైతే 2 మి.మీ., పొడుచుకొచ్చే రకమైతే 4 మి.మీ. దూరం నుంచి ఇనుమును గుర్తిస్తుంది. ఎం18కి 5, 8 మి.మీ. ఎం30కి 10, 15 మి.మీ. ఎలివేటర్ పనికి నా ఓటు ఎం18, పొడుచుకొచ్చే రకం, 8 మి.మీ. దానికే. అడుగు పుల్లీ బేరింగులు అరుగుతాయి, పెట్టె అదురుతుంది, షాఫ్టు ముందుకూ వెనక్కూ కాస్త ఆడుతుంది. వీటన్నిటికీ చోటు ఉండాలంటే గ్యాపు పెద్దదిగా ఉండాలి. త్రీడీ ప్రింటర్లలో వాడే చౌక ఎం12 సెన్సార్ బల్ల మీద ప్రయోగానికి చాలా బాగుంటుంది, మిల్లులో దానిమీద ఆధారపడవద్దు.

అవుట్‌పుట్ విషయానికొస్తే, పీఎన్‌పీ రకం లోహం కనపడగానే సిగ్నల్ మోసే నల్ల తీగ మీద ప్లస్ వోల్టేజి ఇస్తుంది. ఎన్‌పీఎన్ రకం నల్ల తీగను మైనస్‌కు కలుపుతుంది. ప్యానెల్‌లో పీఎల్‌సీ (యంత్రాలను నడిపించే పారిశ్రామిక కంట్రోలర్) ఉంటే దాని ఇన్‌పుట్ కార్డు ఏది కోరుతుందో చూసి కొనండి. మామూలుగా తెరిచి ఉండే రకం, అంటే లోహం వచ్చినప్పుడే సిగ్నల్ ఇచ్చేది, తీసుకోండి. తీగ తెగినా, సెన్సార్ పాడైనా పల్సులు ఆగిపోతాయి. షాఫ్టు ఆగినా పల్సులే ఆగుతాయి. రెండు సందర్భాల్లోనూ యంత్రం ఆగడమే మనకు కావలసినది.

స్విచ్చింగ్ ఫ్రీక్వెన్సీ ఇక్కడ సమస్య కాదు. నిమిషానికి 100 చుట్లు తిరిగే షాఫ్టుకు ఆరు బోల్టులు పెడితే సెకనుకు 10 పల్సులే వస్తాయి. కానీ 3,000 చుట్లు తిరిగే మోటారుకు 12 పళ్ల చక్రం పెట్టాలనుకుంటే సెకనుకు 600 పల్సులు. 500 హెర్ట్జ్ సెన్సార్ అక్కడ చేతులెత్తేస్తుంది. సెన్సార్ మీద రాసిన ఫ్రీక్వెన్సీలో సగం దాటకుండా చూసుకోవడం మంచి అలవాటు.

బల్ల మీద ఒక గంట

సెన్సార్‌ను నేరుగా ఎలివేటర్ దగ్గరికి తీసుకెళ్లకండి. ముందు 24 వోల్టుల సప్లైకి కలపండి: గోధుమ రంగు తీగ ప్లస్‌కు, నీలం మైనస్‌కు. చాలా సెన్సార్ల వెనుక చిన్న ఎల్‌ఈడీ ఉంటుంది, లోహం కనపడితే వెలుగుతుంది. సెన్సార్‌ను చెక్క దిమ్మెలో బిగించి, 1 మి.మీ. మందం ఉన్న ఇనుప రేకు ముక్కను మెల్లగా దగ్గరికి తీసుకురండి. ఎల్‌ఈడీ వెలిగిన దూరాన్ని వెర్నియర్ కాలిపర్‌తో కొలిచి రాసుకోండి. ఇప్పుడు రేకును మెల్లగా వెనక్కు లాగండి. వెలిగిన చోటే ఆరిపోదు, ఇంకొంచెం దూరం పోయాక ఆరుతుంది. ఆ తేడా పేరు హిస్టెరిసిస్. అది లేకపోతే అదురుతున్న ఇనుము అంచు దగ్గర అవుట్‌పుట్ టపటపా కొట్టుకుని, ఒక బోల్టుకు పది పల్సులు ఇచ్చేది.

అదే పరీక్షను స్టెయిన్‌లెస్ స్టీలు, ఇత్తడి, అల్యూమినియం, రాగి ముక్కలతో చేసి చూడండి. మెత్తని ఇనుమును 1 అనుకుంటే స్టెయిన్‌లెస్ సుమారు 0.7 నుంచి 0.85, ఇత్తడి 0.3 నుంచి 0.5, అల్యూమినియం 0.3 నుంచి 0.45, రాగి 0.25 నుంచి 0.4 దూరంలోనే కనపడతాయి. అంటే 8 మి.మీ. సెన్సార్‌కు రాగి ముక్క 2, 3 మి.మీ. దగ్గరికి వస్తే గాని తెలియదు. చిత్రమేమిటంటే వంటింట్లో వాడే పలుచని అల్యూమినియం ఫాయిల్ మందపాటి అల్యూమినియం ముక్క కంటే ఎక్కువ దూరం నుంచి కనపడుతుంది. ఫాయిల్ పలుచన కాబట్టి దానిలో తిరిగే కరెంట్లకు నిరోధం ఎక్కువ, అందువల్ల ఆసిలేటర్ నుంచి ఎక్కువ శక్తి ఖర్చవుతుంది. ఇది స్వయంగా చూసినవారికి సెన్సార్ పనిచేసే తీరు ఇక మరపు రాదు.

ముక్క సైజు కూడా లెక్కే. సెన్సార్ మీద రాసిన దూరం ఒక ప్రామాణిక ఇనుప ముక్కకు వర్తిస్తుంది: 1 మి.మీ. మందం, చతురస్రం, భుజం సెన్సార్ ముఖం వ్యాసానికి గానీ రాసిన దూరానికి మూడింతలకు గానీ సమానం, రెంటిలో ఏది పెద్దదైతే అది. మన ఎం18, 8 మి.మీ. సెన్సార్‌కు ఆ భుజం 24 మి.మీ. అంతకంటే చిన్న ముక్క పెడితే దూరం తగ్గుతుంది.

షాఫ్టుకు బిగించే డిస్కు

24 మి.మీ. అనగానే ఒక వస్తువు గుర్తుకు రావాలి. ఎం16 బోల్టు తల రెండు చదునైన వైపుల మధ్య సరిగ్గా 24 మి.మీ. ఉంటుంది. ప్రత్యేకంగా పళ్ల చక్రం కోయించనక్కర లేదు. ఏ హార్డ్‌వేర్ దుకాణంలోనైనా దొరికే ఆరు బోల్టులు చాలు. మామూలు ఇనుప బోల్టులే తీసుకోండి, జింకు పూత ఉన్నా పర్వాలేదు. స్టెయిన్‌లెస్ వద్దు.

రెండు బోల్టు తలల మధ్య ఖాళీ, తల వెడల్పుకు కనీసం రెండింతలు ఉండాలి. అంటే ఒక తల మధ్య నుంచి పక్క తల మధ్యకు 72 మి.మీ. ఆరు బోల్టులకు చుట్టుకొలత 432 మి.మీ. దాన్ని 3.14తో భాగిస్తే సుమారు 138 వస్తుంది. కాబట్టి 140 మి.మీ. వ్యాసం ఉన్న వలయం మీద 60 డిగ్రీలకొకటి చొప్పున రంధ్రాలు గుర్తించండి. డిస్కు 6 మి.మీ. మందం, 180 మి.మీ. వ్యాసం ఉన్న ఇనుప పలక అయితే సరిపోతుంది. మధ్యలో షాఫ్టు సైజుకు బుష్ వెల్డు చేయించి, గ్రబ్ స్క్రూతో షాఫ్టు చివర బిగించండి.

బోల్టు తలను డిస్కుకు ఆనించి బిగించకండి. ఎం16 బోల్టు తల ఎత్తు 10 మి.మీ. మాత్రమే. వెనకాలే అంత పెద్ద ఇనుప పలక ఉంటే సెన్సార్ క్షేత్రం దాన్ని తాకి, బోల్టు వెళ్లిపోయాక కూడా అవుట్‌పుట్ ఆరడానికి ఆలస్యం కావచ్చు, అసలు ఆరకపోనూ వచ్చు. సెన్సార్ ముందు అనవసరమైన లోహం ఏదీ, రాసిన దూరానికి మూడింతల లోపల, అంటే మనకు 24 మి.మీ. లోపల, ఉండకూడదు. అందుకని 60 మి.మీ. పొడవున్న బోల్టులు తీసుకుని, డిస్కుకు ఇటో నట్టు అటో నట్టు వేసి, తల ముందుకు పొడుచుకొచ్చేలా బిగించండి. ఇంకో లాభం కూడా ఉంది. ఆరు తలలను ఒకే మట్టానికి తేవడానికి నట్లు తిప్పితే సరిపోతుంది.

ఆ మట్టం కుదర్చడం ఓపికగా చేయాల్సిన పని. ఒక ఇనుప పట్టీని ఫ్రేముకు క్లాంపు చేసి, దాని చివర మొదటి బోల్టు తలకు ఎదురుగా 4 మి.మీ. ఖాళీ పెట్టి ఫీలర్ గేజితో (ఖాళీని కొలిచే పలుచని రేకుల కట్ట) చూడండి. షాఫ్టును చేత్తో తిప్పుతూ మిగిలిన అయిదింటిని అదే ఖాళీకి తీసుకురండి. తేడా అర మిల్లీమీటరు లోపల ఉంటే మంచిది. తర్వాత నట్లను గట్టిగా బిగించి, ప్రతి నట్టు పక్కన పెయింటుతో ఒక గీత గీయండి. రేపు ఏ నట్టయినా వదులైతే ఆ గీత విరిగినట్టు కనపడుతుంది.

బ్రాకెట్: ఎక్కువమంది తప్పే చోటు

అడుగు పుల్లీకి బెల్టు బిగువు సరిచేసే స్క్రూలు ఉంటాయి. కొత్త బెల్టు నెలల తరబడి సాగుతూ ఉంటుంది. సాగినప్పుడల్లా ఆపరేటర్ ఆ స్క్రూలు తిప్పి బేరింగులతో సహా షాఫ్టును కిందికి దించుతాడు. సెన్సార్ బ్రాకెట్‌ను ఎలివేటర్ పెట్టెకు వెల్డు చేసి ఉంటే, షాఫ్టు కిందికి దిగుతుంది, సెన్సార్ మాత్రం పాత చోటే ఉంటుంది. 140 మి.మీ. వలయం మీద తిరిగే బోల్టులు సెన్సార్ ముఖానికి పక్కగా పోతాయి. కొన్నాళ్లు పల్సులు వస్తూ పోతూ ఉంటాయి, తర్వాత ఆగిపోతాయి. అందరూ సెన్సార్ పాడైందని మార్చేస్తారు. కొత్తదీ పనిచేయదు.

అందుకే బ్రాకెట్ ఎప్పుడూ బేరింగును మోసే కదిలే పలకకే బిగించాలి. షాఫ్టు దిగితే సెన్సార్ కూడా దానితోపాటు దిగాలి. 5 మి.మీ. లేదా అంతకంటే మందమైన యాంగిల్ వాడండి. పొడవాటి సన్నని పట్టీ అదురుతుంది, గ్యాపు కూడా దానితో ఆడుతుంది. సెన్సార్‌తో వచ్చే రెండు నట్లలో ఒకటి బ్రాకెట్‌కు ముందు, ఒకటి వెనుక వేసి బిగించండి. రెంచితో మరీ బిగిస్తే సన్నని మర తెగుతుంది. పొడుచుకొచ్చే రకం సెన్సార్ కాబట్టి ముఖం చుట్టూ కూడా ఇనుము దగ్గరగా ఉండకూడదు. బ్రాకెట్ నుంచి సెన్సార్ తల బయటికి వచ్చి ఉండాలి.

గ్యాపు ఎంత? సెన్సార్ మీద రాసినది 8 మి.మీ. తయారీలో తేడాలు, వేడికి వచ్చే మార్పులు కలిపి, ఏ సెన్సార్ అయినా తప్పక గుర్తిస్తుందని ప్రమాణం హామీ ఇచ్చే దూరం దానిలో 81 శాతం, అంటే దాదాపు 6.5 మి.మీ. దాని అంచున పెట్టవద్దు. 4 మి.మీ. పెట్టండి. షాఫ్టు ఇటు మిల్లీమీటరు, అటు మిల్లీమీటరు ఆడినా బోల్టు ముఖాన్ని తాకదు, కొలతా తప్పదు. బిగించాక షాఫ్టును చేత్తో పూర్తిగా రెండు మూడు చుట్లు తిప్పి, ఆరు బోల్టులకూ ఎల్‌ఈడీ వెలిగి ఆరుతోందో చూడండి.

ఈ పనంతా మెయిన్ స్విచ్చు ఆపి, దానికి తాళం వేసి, తాళంచెవి మీ జేబులో ఉన్నప్పుడే చేయాలి. పని ముగిశాక తిరిగే డిస్కు మీద జాలీ గార్డు తప్పనిసరి. పొడుచుకొచ్చిన ఆరు బోల్టులు పంచె కొంగునో చీర కొంగునో పట్టుకుంటే విడిచిపెట్టవు.

తీగలు

సెన్సార్ కేబుల్‌ను మోటారు కేబుల్‌తో ఒకే పైపులో లాగవద్దు, ముఖ్యంగా ఆ మోటారు వేరియబుల్ ఫ్రీక్వెన్సీ డ్రైవుతో (మోటారు వేగాన్ని మార్చే పరికరం) నడుస్తుంటే. ఆ డ్రైవు చేసే విద్యుత్ రొదకు లేని పల్సులు పుట్టుకొస్తాయి. దూరం ఎక్కువైతే షీల్డు ఉన్న కేబుల్ వాడి, షీల్డును ప్యానెల్ వైపు మాత్రమే ఎర్త్ చేయండి. మోటారు కేబుల్‌ను దాటాల్సి వస్తే అడ్డంగా, లంబకోణంలో దాటించండి. మిల్లుల్లో ఎలుకలు కేబుల్ తొక్కను వదలవు. అందుకని చివరిదాకా లోహపు ఫ్లెక్సిబుల్ పైపులో నడపండి. ఎలివేటర్ మీద ఎప్పుడైనా వెల్డింగు చేయాల్సి వస్తే ముందు సెన్సార్ కనెక్టర్ ఊడదీయండి.

పీఎల్‌సీ అయితే నల్ల తీగ నేరుగా ఇన్‌పుట్‌కు వెళ్తుంది. ఆర్డుయినో లాంటి చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డుతో చేసేవారు మాత్రం 24 వోల్టులను దాని పిన్నుకు తగలనివ్వకూడదు. పీసీ817 వంటి ఆప్టోకప్లర్ (సిగ్నల్‌ను కాంతి ద్వారా దాటించి రెండు సర్క్యూట్లను విడిగా ఉంచే భాగం) మధ్యలో పెట్టండి. పీఎన్‌పీ సెన్సార్ నల్ల తీగ నుంచి 2.2 కిలోఓముల రెసిస్టర్ గుండా ఆప్టోకప్లర్ ఎల్‌ఈడీ ప్లస్ కాలుకు, మైనస్ కాలు నుంచి 0 వోల్టులకు. దానిలో సుమారు 10 మిల్లీఆంపియర్లు పారతాయి, చాలు. రెండో వైపు ట్రాన్సిస్టర్‌లో ఎమిటర్‌ను బోర్డు గ్రౌండుకు, కలెక్టర్‌ను పిన్నుకు కలిపి, ఆ పిన్ను నుంచి బోర్డు సప్లైకి 10 కిలోఓముల రెసిస్టర్ పెట్టండి. ఈఎస్‌పీ32 బోర్డయితే ఆ సప్లై 3.3 వోల్టులే ఉండాలి. లోహం కనపడినప్పుడు పిన్ను కిందికి పడుతుంది, ప్రోగ్రామ్‌లో ఆ పడే అంచునే పట్టుకోవాలి.

దుమ్ము గాలిలో దట్టంగా లేచే చోట్ల, పిండి మిల్లులు, చక్కెర గోదాముల్లో, సాధారణ సెన్సార్ పెట్టవద్దు. అక్కడ నామూర్ రకం రెండు తీగల సెన్సార్, ప్యానెల్‌లో ఆ తీగల్లోకి వెళ్లే శక్తిని పరిమితం చేసే, దానికి తగిన ఐసొలేటర్ వాడాలి. అది 8.2 వోల్టులతో పనిచేస్తుంది. లోహం దగ్గరికొస్తే కరెంటు 1.2 మిల్లీఆంపియర్ల కిందికి దిగుతుంది, లేనప్పుడు 2.1 పైన ఉంటుంది. నిప్పురవ్వ పుట్టించేంత శక్తి ఆ తీగల్లో ఉండదు. ఆ ప్రాంతానికి తగిన ధ్రువపత్రం ఉన్న సెన్సార్, ఐసొలేటర్ రెండూ కలిపే కొనాలి.

పల్సుల నుంచి వేగం

రెండు పద్ధతులున్నాయి. ఒక సెకనులో ఎన్ని పల్సులు వచ్చాయో లెక్కించడం ఒకటి, రెండు పల్సుల మధ్య కాలాన్ని కొలవడం రెండోది. మన షాఫ్టుకు సెకనుకు 10 పల్సులే. ఒక పల్సు అటూ ఇటూ అయితే లెక్క నిమిషానికి 10 చుట్ల తేడా చూపుతుంది, అంటే 10 శాతం. బెల్టు జారుడు కూడా అంతే ఉండవచ్చు కదా! కాబట్టి నెమ్మదిగా తిరిగేవాటికి కాలాన్ని కొలిచే పద్ధతే సరైనది. పల్సులు లెక్కించడం 60 పళ్ల చక్రంతో వేగంగా తిరిగే మోటార్లకు బాగుంటుంది. అక్కడ ఒక సెకనులో వచ్చిన పల్సుల సంఖ్యే నిమిషానికి చుట్ల సంఖ్య.

కాలం కొలిచేటప్పుడు పక్కపక్క బోల్టుల మధ్య కాలం తీసుకోకండి. రంధ్రాలు ఎంత జాగ్రత్తగా వేసినా 60 డిగ్రీలు సరిగ్గా రావు. అలా చేస్తే స్థిరంగా తిరిగే షాఫ్టు కూడా తెర మీద వేగం మారుతున్నట్టు కనపడుతుంది. చివరి ఆరు పల్సుల సమయాలు దాచుకుని, కొత్త పల్సు రాగానే దానికి ఆరు పల్సుల ముందటి సమయాన్ని తీసివేయండి. అది అదే బోల్టు మళ్లీ వచ్చేందుకు పట్టిన కాలం, పూర్తి ఒక చుట్టు. బోల్టుల తేడాలన్నీ అందులో రద్దయిపోతాయి. కాలం మైక్రోసెకన్లలో ఉంటే, 6 కోట్లను దానితో భాగిస్తే నిమిషానికి చుట్లు వస్తాయి. 6,00,000 మైక్రోసెకన్లకు 100 చుట్లు.

ప్రోగ్రామ్‌లో మరిచిపోకూడనివి మూడు. ఒకటి, షాఫ్టు ఆగితే కొత్త పల్సు రాదు, పాత వేగమే తెర మీద నిలిచిపోతుంది. అందుకని చివరి పల్సు వచ్చి అర సెకను దాటితే వేగం సున్నా అని ప్రకటించాలి. మామూలు వేగంలో పల్సు 100 మిల్లీసెకన్లకొకటి వస్తుంది కాబట్టి అర సెకను సరైన గడువు. రెండు, 20 మిల్లీసెకన్ల లోపల వచ్చిన రెండో పల్సును పట్టించుకోవద్దు. అంత త్వరగా రావాలంటే షాఫ్టు నిమిషానికి 500 చుట్లు తిరగాలి, అది జరగని పని. మూడు, ఆర్డుయినో ఊనో లాంటి 8 బిట్ల బోర్డులో ఇంటరప్టు (పల్సు రాగానే నడిచే చిన్న ప్రోగ్రామ్ భాగం) రాసే పెద్ద సంఖ్యను చదివేటప్పుడు ఆ క్షణం ఇంటరప్టులు ఆపి నకలు తీసుకోవాలి. లేకపోతే సగం పాత సంఖ్య, సగం కొత్త సంఖ్య కలిసి అప్పుడప్పుడు అర్థంలేని వేగం కనపడుతుంది.

జారుడు లెక్క, ఆపే హద్దు

పై షాఫ్టుకూ ఇలాంటి డిస్కు, సెన్సార్ పెడితే జారుడును నేరుగా లెక్కించవచ్చు. పై పుల్లీ వ్యాసాన్ని దాని వేగంతో గుణించండి. అడుగు పుల్లీకీ అలాగే చేయండి. మొదటి దాని నుంచి రెండోది తీసివేసి, మొదటి దానితో భాగించి, 100తో గుణించండి. రెండూ 400 మి.మీ. పుల్లీలై, పైన 100, కింద 90 చుట్లు ఉంటే జారుడు 10 శాతం. బెల్టు సెకనుకు 2.09 మీటర్లు పోవాల్సింది 1.88 మీటర్లే పోతోందన్నమాట. మోటారు ఎప్పుడూ ఒకే వేగంతో నడిచే చోట పై సెన్సార్ లేకుండా, ఖాళీగా నడిపినప్పుడు అడుగు షాఫ్టు చూపిన వేగాన్నే ఆధారంగా తీసుకున్నా చాలు.

అమెరికాలో ధాన్యం నిర్వహణ కేంద్రాల భద్రతా నిబంధన ప్రకారం బెల్టు వేగం మామూలు కంటే 20 శాతానికి మించి తగ్గకముందే ఎలివేటర్ ఆగిపోవాలి. మనకూ అదే మంచి హద్దు. 10 శాతం దగ్గర హారన్, 20 శాతం దగ్గర ట్రిప్, అంటే యంత్రం తనంతట తాను ఆగిపోవడం. ట్రిప్ అయినప్పుడు ఎలివేటర్‌తో పాటు దానికి ధాన్యం పోసే యంత్రం కూడా ఆగాలి. లేకపోతే అడుగు గుంత నిండి పొర్లుతుంది. అంతా బాగున్నప్పుడు రిలే కాయిల్‌కు కరెంటు ఉండేలా, లోపం వస్తే కరెంటు పోయి పడిపోయేలా కట్టండి. కంట్రోలర్ చచ్చిపోయినా యంత్రం ఆగుతుంది. మోటారు స్టార్టు చేశాక పూర్తి వేగం అందుకునేదాకా, 10 సెకన్లు అనుకుందాం, అలారం పట్టించుకోకుండా సమయం ఇవ్వాలి. ఆ గడువు అవసరాన్ని మించి పెంచవద్దు. ఇరుక్కున్న బెల్టును మళ్లీ మళ్లీ స్టార్టు చేసి చూసే అలవాటు ఉన్నచోట రబ్బరు కాలేది ఆ సెకన్లలోనే.

నిజం చెబుతోందా?

బోల్టు డిస్కు మీద ఒకచోట సుద్దతో గీత గీసి, గార్డు జాలీ బయటి నుంచి ఫోనుతో ఒక నిమిషం వీడియో తీయండి. తర్వాత నెమ్మదిగా నడిపి చుట్లు లెక్కపెట్టండి. తెర మీది సంఖ్యకు ఒకటి రెండు చుట్ల తేడా మించకూడదు. తేడా సరిగ్గా ఆరో వంతు ఉంటే ఒక బోల్టు కనపడటం లేదని అర్థం. దాని మట్టం చూడండి. సంఖ్య ఎక్కువ చూపుతుంటే, మోటారు ఆపి ఉన్నప్పుడు కూడా పల్సులు వస్తున్నాయేమో గమనించండి. వస్తుంటే అది కేబుల్‌లో చేరిన రొద. మోటారు నడుస్తున్నప్పుడే అదనపు పల్సులు వస్తుంటే డ్రైవు కేబుల్‌నూ, బ్రాకెట్ అదురునూ అనుమానించండి. ఎల్‌ఈడీ ఎప్పుడూ వెలిగే ఉంటే ముఖం దగ్గర అనవసరమైన ఇనుము ఉన్నట్టు. ఎల్‌ఈడీ సరిగ్గా వెలిగి ఆరుతున్నా ప్యానెల్‌కు ఏమీ అందకపోతే పీఎన్‌పీ, ఎన్‌పీఎన్ తారుమారై ఉంటాయి.

ట్రిప్ పరీక్ష కూడా చేయాలి. ఎలివేటర్ ఖాళీగా నడుస్తుండగా ప్యానెల్‌లో నల్ల తీగను ఊడదీయండి. యంత్రం ఆగకపోతే ఇప్పటిదాకా చేసిన పనంతా వృథా.

‘ఉంది, లేదు’ సరిపోనప్పుడు

షాఫ్టు ఏ దిశలో తిరుగుతోందో తెలియాలంటే రెండు సెన్సార్లు, బోల్టుల దూరంలో నాలుగో వంతు జరిపి పెట్టాలి. మన డిస్కు మీద 15 డిగ్రీలు. ఏది ముందు వెలిగిందో చూస్తే దిశ తెలుస్తుంది. వలయం మీద ఆ దూరం 18 మి.మీ. మాత్రమే, రెండు ఎం18 సెన్సార్లు అంత దగ్గరగా పట్టవు, పట్టినా ఒకదాని క్షేత్రం మరోదాన్ని చెరుపుతుంది. కాబట్టి రెండోదాన్ని 60 డిగ్రీలు కలిపి 75 డిగ్రీల దగ్గర పెట్టండి, ఫలితం అదే. రైలు పట్టాల పక్కన చక్రాలను లెక్కించే యాక్సిల్ కౌంటర్లు దిశను గుర్తించే సూత్రం కూడా ఇదే: రెండు చుట్టలు, ఏది ముందు స్పందించిందన్న లెక్క.

దూరాన్ని మిల్లీమీటరు భాగాల్లో కొలవాలంటే పరికరమే వేరు. 0 నుంచి 10 వోల్టులో, 4 నుంచి 20 మిల్లీఆంపియర్లో ఇచ్చే అనలాగ్ ఇండక్టివ్ సెన్సార్ కొన్ని మిల్లీమీటర్ల కదలికకు సరిపోతుంది. లోహం మారితే దాని లెక్క మారుతుంది కాబట్టి మీరు వాడే లోహంతోనే కాలిబ్రేట్ చేయాలి. హైడ్రాలిక్ ప్రెస్సు, పరీక్షా యంత్రాల వంటి వాటిలో ఎల్వీడీటీ అనే సెన్సార్ వాడతారు: ఒక ప్రైమరీ చుట్ట, ఎదురెదురుగా కలిపిన రెండు సెకండరీ చుట్టలు, మధ్యలో కదిలే ఇనుప కోర్. కోర్ సరిగ్గా మధ్యలో ఉంటే రెండు సెకండరీల వోల్టేజీలు ఒకదాన్నొకటి కొట్టేసుకుని అవుట్‌పుట్ సున్నా. ఇటు జరిగితే ఒక ఫేజులో, అటు జరిగితే ఎదురు ఫేజులో సిగ్నల్ వస్తుంది. థర్మల్ విద్యుత్ కేంద్రాల టర్బైన్ షాఫ్టు వణుకును చూసే ఎడ్డీ కరెంట్ ప్రోబులు ఇంకా సున్నితమైనవి. వాటిలో బాగా వాడుకలో ఉన్న 8 మి.మీ. రకం మిల్లీమీటరుకు 7.87 వోల్టుల చొప్పున మారుతుంది.

నెలకోసారి చూడవలసినవి

సెన్సార్ ముఖం మీది తవుడు తుడవకపోయినా నష్టం లేదు. నట్ల పక్కన గీసిన పెయింటు గీతలు, 4 మి.మీ. గ్యాపు, కేబుల్ మీద ఎలుక పళ్ల గుర్తులు, గార్డు బోల్టులు, నల్ల తీగ ఊడదీసే ట్రిప్ పరీక్ష ఇవి మాత్రం వదలకూడదు. బెల్టు బిగువు స్క్రూ తిప్పిన ప్రతిసారీ గ్యాపు మళ్లీ కొలవండి. ప్యానెల్ తలుపు లోపల ఒక కాగితం అంటించి, ఖాళీగా నడిచేటప్పుడు, పూర్తి ధాన్యంతో నడిచేటప్పుడు అడుగు షాఫ్టు వేగాన్ని తేదీ వేసి రాస్తూ ఉండండి. ధాన్యం ఉన్నప్పుడు వేగం వారం వారం ఒకటి రెండు చుట్ల చొప్పున తగ్గుతూ వస్తే, హారన్ మోగేదాకా ఆగకుండా ఆ ఆదివారమే బెల్టు బిగించే పని పెట్టుకోండి.